గేర్ రాడ్డు కోసం ఫెరారీ వదిలి పోర్షెకి వచ్చాను

ఫెరారీ అమ్మేసి పోర్షె తెచ్చుకున్నానని ఫొటో పెట్టిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే ప్రశ్న: ఎందుకు? డబ్బు అవసరం పడిందా, బండి ఇబ్బంది పెట్టిందా, ఇంట్లో గొడవ జరిగిందా అని ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. ఇరవయ్యేళ్ళకు పైగా ఎర్ర బండి తప్ప మరో మాట లేని మనిషి ఉన్నట్టుండి పార్టీ మారిస్తే అడగరా మరి. ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఇదంతా ఒక గేర్ రాడ్డు గురించి.

నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. మావయ్యకి అక్కడ లారీల షెడ్డు ఉండేది. సెలవులొస్తే నా మకాం అక్కడే. అప్పట్లో షెడ్డుకి వచ్చే పాత లేలాండ్ లారీల గేరుబాక్సుల్లో సింక్రోమెష్ ఉండేది కాదు. అంటే గేరు పళ్ళ వేగాలు కలిపే పని యంత్రం చెయ్యదు, డ్రైవరే చెయ్యాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదిలి కింది గేరుకి సరిపడా రేజ్ ఇవ్వాలి, మళ్ళీ క్లచ్ తొక్కి రాడ్డు వెయ్యాలి. డబుల్ క్లచ్ అనేవాళ్ళు. సరిగ్గా కుదిరితే రాడ్డు దానంతటదే లోపలికి జారిపోతుంది. కుదరకపోతే పక్క షెడ్డువాళ్ళు కూడా తల తిప్పి చూసేంత కరకర. మావయ్య నన్ను యార్డులోనే ముందుకీ వెనక్కీ తిప్పించి నేర్పాడు. "చెవితో విను, చేత్తో పట్టు, బలం పెట్టకు" అనేవాడు. ఇంజన్ చప్పుడుకి, కాలికి, చేతికి మధ్య ఒక లెక్క ఉంటుందని నాకు తెలిసింది అక్కడే. ఆ లెక్క కుదిరినప్పుడు వచ్చే తృప్తి ఇన్నేళ్ళలో నాకు ఇంకే పనిలోనూ దొరకలేదు.

ఫెరారీ పిచ్చి మొదలైంది కూడా ఆ రోజుల్లోనే, టీవీలో. 2000 అక్టోబర్ 8, ఆదివారం పొద్దున, జపాన్‌లో సుజుకా ఫార్ములా వన్ రేసు. ముందు హాకినెన్ మెక్లారెన్, వెనక షూమాకర్ ఫెరారీ. టైర్లకీ పెట్రోలుకీ ఆగే పిట్‌స్టాప్ రెండోది అయ్యి బయటికి వచ్చేసరికి షూమాకర్ ముందున్నాడు. 1979లో జోడీ షెక్టర్ తర్వాత ఒక ఫెరారీ డ్రైవర్ ప్రపంచ చాంపియన్ కావడం మళ్ళీ అప్పుడే. అక్కడి నుంచి 2004 దాకా షూమాకర్‌కి వరసగా ఐదు టైటిళ్ళు. మా ఇంట్లో గోడమీద దేవుడి క్యాలెండర్ పక్కన ఎర్ర బండి పోస్టర్ ఉండేది, అమ్మ ఎన్నిసార్లు తీసెయ్యమన్నా తియ్యలేదు.

అమెరికా వచ్చి ఉద్యోగంలో నిలదొక్కుకున్నాక, ఇంటి అప్పు ఒక దారికి వచ్చాక, ఒక పాత 360 మోడెనా కొన్నాను. ఫెరారీ 1999లో తెచ్చిన మోడల్ అది. అల్యూమినియం ఫ్రేము, ఇటలీ డిజైన్ కంపెనీ పినిన్‌ఫరీనా గీసిన బాడీ, 3.6 లీటర్ల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, 8,500 ఆర్‌పీఎమ్ దగ్గర 400 హార్స్ పవర్. ఇంజన్ వెనక అద్దం మూత కింద కనిపిస్తూ ఉంటుంది. వీటిలో ఎక్కువ బళ్ళు స్టీరింగ్ వెనక ప్యాడిళ్ళతో గేర్లు మార్చే ఎఫ్1 గేరుబాక్సుతోనే అమ్ముడుపోయాయి. నేను పట్టుబట్టి రాడ్డు ఉన్నదే వెతికాను. ఒకటి దొరికేదాకా ఆగాను కూడా.

ఆ రాడ్డు గురించి చెప్పాలి. మామూలు కార్లలో రాడ్డు అడుగున తోలు సంచి ఉంటుంది. పాత ఫెరారీల్లో దాని బదులు మెరిసే లోహపు పలక, దానిలో గేరుకొక గాడి కోసి ఉంటుంది. రాడ్డు సన్నటి స్టీలు కడ్డీ, పైన గుండ్రటి అల్యూమినియం తల. పొద్దున్నే పట్టుకుంటే చల్లగా ఉంటుంది, జూలై మధ్యాహ్నం ఎండలో పెట్టి వస్తే చెయ్యి పెట్టలేం. రెండు నుంచి మూడుకి వెళ్ళేటప్పుడు కడ్డీ గాడి అంచుకి తగిలి "టిక్" అంటుంది. ఆ చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినబడుతుంది. గేరు నూనె వేడెక్కేదాకా రెండో గేరుతో మొండిగా ప్రవర్తించకూడదు. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా, డబుల్ క్లచ్‌తో వెయ్యాలి. నాకు ఆటోనగర్ యార్డు గుర్తొచ్చేది. మొదటిసారి బండి తోలిన మిత్రులు రెండో గేరు పడటం లేదేమిటని కంగారు పడితే, బలం పెట్టొద్దు, విను అని నేను చెప్పేవాణ్ణి.

మరి ఇంత ప్రేమ ఉన్న బండిని ఎందుకు వదిలావు అంటే, నేను వదిలింది ఆ బండిని మాత్రమే కాదు, ఫెరారీ వెళ్తున్న దారిని. 2009లో 458 ఇటాలియా వచ్చింది. ఆ తరహా ఫెరారీల్లో, అంటే సీట్ల వెనక, బండి మధ్యలో వి8 ఉండే బళ్ళలో, ప్రధాన మోడల్ రాడ్డు అసలు లేకుండా రావడం అదే మొదలు. ఫెరారీలోనే కాలిఫోర్నియా అనే మోడల్‌కి ఇంకొన్నాళ్ళు పేరుకి మాన్యువల్, అంటే రాడ్డుతో మార్చే గేరుబాక్సు, ఉంది, తీసుకున్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఆ తర్వాత అదీ పోయింది.

నేను దీన్ని తప్పు అనను. ఫెరారీ ఆలోచన మొదటి నుంచీ ఒకటే, రేసులో పనికొచ్చింది రోడ్డు మీదికి రావాలి. 1989లో జాన్ బర్నార్డ్ తయారుచేసిన 640 అనే ఫార్ములా వన్ బండిలో మొదటిసారి స్టీరింగ్ వెనక ప్యాడిళ్ళు పెట్టారు. మధ్యలోనే ఆగిపోతుందని అందరూ అనుకున్న ఆ బండి బ్రెజిల్‌లో తొలి రేసే గెలిచింది, నైజెల్ మాన్సెల్ తోలాడు. అదే పద్ధతి 1997లో 355 ద్వారా రోడ్డు మీదికి వచ్చింది. నేను టీవీలో చూసి చప్పట్లు కొట్టిన షూమాకర్ చేతిలో కూడా రాడ్డు లేదు. ఆ లెక్కన ఫెరారీ తన మాట మీద తాను నిలబడింది. నాకు కావలసింది వేరు.

ఒక మిత్రుడి 458ని నేను స్కైలైన్ రోడ్డు మీద తోలాను. శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణాన కొండల మీదుగా వెళ్ళే రోడ్డు అది, మనలాంటి పిచ్చివాళ్ళందరికీ ఆదివారం పొద్దున గుడి లాంటిది. 4.5 లీటర్ల ఇంజన్ 9,000 దాకా అరుస్తుంది, 570 హార్స్ పవర్. ఫెరారీ చేసిన వి8ల్లో దానికి మించింది లేదని ఇప్పటికీ నా నమ్మకం. గేరు మార్పు కంటిరెప్ప పడేలోపు అయిపోతుంది. వేలు కదిలిస్తే చాలు. వుడ్‌సైడ్ కూడలిలో బండి ఆపి దిగాక మిత్రుడు ఎలా ఉందన్నాడు. అద్భుతంగా ఉందన్నాను, నిజమే చెప్పాను. కానీ ఆ గంటసేపూ నా కుడి చెయ్యి ఊరికే స్టీరింగ్ మీద ఉంది. ఎడమ కాలు నేల మీద ఉంది. బండి అన్నీ తనే చక్కబెట్టింది, నన్ను కూర్చోబెట్టి చూపించింది.

2015లో 488 వచ్చేసరికి ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోలు కూడా వచ్చాయి. పవర్ 670కి చేరింది, ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం, అంటే రెడ్‌లైన్, 8,000కి దిగింది. ఆ తర్వాత 296లో వి6, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు. అంకెలు చూస్తే ఒక్కోటీ పాతదాన్ని చిత్తు చేస్తుంది. టర్బో లేని 12 సిలిండర్ల ఇంజన్ మాత్రం ఫెరారీ వదల్లేదు, అందుకు దణ్ణం పెడతాను. కానీ అదీ రాడ్డు లేకుండానే, పైగా నా అందుబాటులో ఉన్న బండి కాదు.

ఇక పోర్షె. వాళ్ళు మొదటి నుంచీ రాడ్డుకి కట్టుబడి ఉన్నారని చెబితే అబద్ధం అవుతుంది. 911 జీటీ3 అనేది వాళ్ళ రేసింగ్ విభాగం చేసే బండి, 1999 నుంచి ఉంది. 2013లో కొత్త తరం జీటీ3 వచ్చినప్పుడు మాన్యువల్ తీసేశారు. వాళ్ళ ఆటోమేటిక్ అయిన పీడీకేతో మాత్రమే అమ్మారు. ఫెరారీ చెప్పిన కారణమే వాళ్ళూ చెప్పారు, ఇదే వేగం అని. అప్పుడు నేను పోర్షెని ఇంకా గట్టిగా తిట్టుకున్నాను. ఫెరారీకి అది అలవాటు, వీళ్ళకేమైంది అని. ఆ మరుసటి ఏడాది మొదట్లో ఆ మోడల్ బళ్ళు యూరప్‌లో రెండు తగలబడ్డాయి. ఇంజన్ లోపల పిస్టన్లని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ల బోల్టులు వదులై ఇంజన్ పగలడం వల్ల అని తేల్చి, అప్పటిదాకా తయారైన 785 బళ్ళకీ ఇంజన్లు కొత్తవి మార్చారు. నా ఫెరారీ మిత్రులు వాదనలో ఇప్పటికీ బయటికి తీసే అస్త్రం ఇది. నాకు మాత్రం ఆ నిర్ణయం వాళ్ళ మీద గౌరవమే పెంచింది.

అసలు మలుపు తర్వాత వచ్చింది. కొనేవాళ్ళు గోల చేశారు. 2015లో కేమన్ జీటీ4 మాన్యువల్‌తో మాత్రమే వచ్చింది. 2016లో 911 ఆర్ అని కేవలం 991 బళ్ళు, అదీ మాన్యువల్‌తోనే. అవి షోరూము దాటగానే అసలు ధరకి రెట్టింపు పైన పలికాయి. 2017లో జీటీ3కి రాడ్డు తిరిగొచ్చింది. ఆండ్రియాస్ ప్రోయ్‌నింగర్ నడిపే ఆ విభాగం, మాన్యువల్ నెమ్మది అని తెలిసి కూడా తోలేవాడి ఆనందం కోసం దాన్ని మళ్ళీ తెచ్చింది. వేగం తక్కువైన దాన్ని తమ పేరున్న బండిలో తిరిగి పెట్టడం ఏ రేసింగ్ కంపెనీకైనా తేలిక కాదు. నా మనసు అటు మొగ్గింది అప్పుడే. చేతికి మాత్రం ఇంకా ఎర్ర బండి తాళమే ఉంది.

2021లో 992 అనే కొత్త తరం జీటీ3 వచ్చింది. దానితో పాటే మా రాష్ట్రం వాళ్ళకి ఒక చేదు వార్త: మాన్యువల్ బండి కాలిఫోర్నియాలో అమ్మరట. చప్పుడు కొలిచే పాత పద్ధతిలో మాన్యువల్ బండి పరిమితి దాటుతోంది, పీడీకే బండి దాటడం లేదు. దేశమంతా దొరికే బండి పోర్షెలు ఇంతగా తిరిగే రాష్ట్రంలో దొరకదంటే ఎంత టెన్షన్ పడ్డానో. ఇంకా కొనాలని నిర్ణయించుకోనే లేదు, అయినా నిద్ర పట్టలేదు. కొద్ది రోజుల్లోనే కొత్త కొలత పద్ధతికి రాష్ట్రం ఒప్పుకోవడంతో ఆ గొడవ తీరింది. మా ఆవిడ అప్పుడే అంది: "కొనని బండి గురించి ఇంత బాధపడుతున్నావంటే, నువ్వు ఎప్పుడో కొనేశావన్నమాట."

కొనడం మాత్రం తేలిగ్గా కాలేదు. ఒక డీలరు స్టిక్కర్ ధర మీద ఇంకో మామూలు కారు కొనేంత సొమ్ము అడిగాడు. ఇంకొకాయన ముందు వేరే రెండు బళ్ళు తీసుకుంటే అప్పుడు చూద్దామన్నాడు. పేర్లు అనవసరం. చివరికి ఒకాయన కొంతకాలమే వాడిన జీటీ3 టూరింగ్ దొరికింది. టూరింగ్ అంటే వెనక పెద్ద రెక్క ఉండదు. సిల్వర్ రంగు, ఆరు గేర్ల మాన్యువల్. 4 లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు, టర్బో లేదు, 510 హార్స్ పవర్, 9,000 రెడ్‌లైన్. అంటే 458 అరిచిన చోటిదాకా ఇదీ అరుస్తుంది, అదీ నా చేత్తో గేరు మార్చుకుంటూ.

ఈ బండిలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు లగునా సెకా ట్రాక్‌లో కార్క్‌స్క్రూ మలుపు ముందర. ట్రాక్ మీదికి ఎవరైనా డబ్బు కట్టి వెళ్ళే రోజులుంటాయి. ఎత్తు ఎక్కుతూ వస్తాం, మలుపు అవతల ఏముందో కనబడదు, ఆ తర్వాత రోడ్డు దాదాపు ఐదారు అంతస్తులు కిందికి జారిపోతుంది. ఆ అంచుకి ముందే బ్రేకు వేసి, మూడు నుంచి రెండుకి రావాలి. కుడి పాదం వేళ్ళు బ్రేకు మీద గట్టిగా, అదే పాదం పక్క భాగంతో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టాలి, అదే క్షణంలో ఎడమ కాలు క్లచ్, కుడి చెయ్యి రాడ్డు. బండిలో ఈ రేజ్ తనే ఇచ్చే ఏర్పాటు ఉంది. నేను ఆ బటన్ ఆపేసే తోలుతాను. తట్టు సరిపోతే రాడ్డు వెన్నలోకి దిగినట్టు దిగి, వెనక చక్రాలు జారకుండా, బండి ముక్కు కిందికి వంగుతుంది. సరిపోకపోతే వెనక భాగం ఒకసారి విదిలిస్తుంది, అంతే, మళ్ళీ చుట్టు తిరిగి రావాలి. నేను ఇదే మలుపుని 360తోనూ తోలాను. అప్పుడు ఉన్న సుఖం ఇప్పుడూ ఉంది. 20 ఏళ్ళ తర్వాత తయారైన బ్రేకులు, టైర్లు, ముందు సస్పెన్షన్ అదనం. రేసు బండి ఆర్‌ఎస్‌ఆర్ నుంచి తెచ్చిన, ముందు చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకునే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ రోడ్డు 911కి వేసింది ఈ మోడల్‌తోనే. ముందు చక్రాలు చెప్పిన చోటికి వెళ్ళడమంటే ఏమిటో దీన్లో కూర్చున్నాకే తెలిసింది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. స్టీరింగ్ విషయంలో 360దే పైచేయి. దానిది హైడ్రాలిక్, రోడ్డు మీద చిన్న గులకరాయి కూడా అరచేతికి తెలిసేది. జీటీ3ది ఎలక్ట్రిక్, చాలా బాగుంటుంది, కానీ అంత మాట్లాడదు. అద్దం మూత కింద ఎర్ర ఇన్‌టేక్ ప్లీనమ్‌లతో, అంటే గాలి డబ్బాలతో, ఇంజన్ కనబడేది, పిల్లలు ముక్కు ఆనించి చూసేవాళ్ళు. పోర్షె వెనక మూత తీస్తే కనిపించేవి రెండు ఫ్యాన్లు. పెట్రోలు బంకులో ఎర్ర ఫెరారీ దగ్గరికి అందరూ వచ్చి పలకరించేవాళ్ళు, సిల్వర్ 911ని తెలిసినవాళ్ళు మాత్రమే ఆగి చూస్తారు. ఆ చూసేవాళ్ళు నేరుగా లోపలికి తొంగి చూసి, మూడో పెడల్ ఉందని నిర్ధారించుకుని అప్పుడు నవ్వుతారు. నాకు అదే ఎక్కువ ఇష్టంగా ఉంది. ఖర్చు సంగతీ చెప్పాలి. 360కి బండి తిరిగినా తిరక్కపోయినా మూడేళ్ళకోసారి టైమింగ్ బెల్టులు మార్చమంటారు. జీటీ3లో ఆ పని చేసేది గొలుసు. వేళకి ఆయిల్, బ్రేకులు, టైర్లు చూసుకుంటే రోజూ తోలచ్చు, నేను వర్షంలో కూడా ఆఫీసుకి తీసుకెళ్తున్నాను.

ఆటోనగర్ మావయ్యకి విషయం తెలిసి ఫోన్ చేశాడు. షెడ్డు ఇప్పుడు వాళ్ళబ్బాయి చూసుకుంటున్నాడు.

"ఏరా, గుర్రం బొమ్మ బండి అమ్మేశావంటగా?"

"దీనికీ బొమ్మలో గుర్రం ఉంది మావయ్యా, కాస్త చిన్నది."

"అది సరే. రాడ్డు ఉందా?"

"ఉంది."

"డబుల్ క్లచ్ అవసరమా దీనికి?"

"అవసరం లేదు, కానీ నేను వేస్తున్నాను."

"మరింకేం," అని పొలంలో వడ్లు ఎప్పుడు అమ్మారో చెప్పడం మొదలుపెట్టాడు.

గ్రూపులో మిత్రులు అంత తేలిగ్గా వదల్లేదు. వాళ్ళ వాదన ఏమిటంటే, బండి మారినా మనసు మారదు, రేసు వస్తే నువ్వు ఎర్ర బండి వైపే ఉంటావు అని. ఫార్ములా వన్ వరకు వాళ్ళ మాట నిజమే, అక్కడ పోర్షె లేదు కాబట్టి ఆదివారాలు ఇంకా ఫెరారీవే. కానీ 2025 జూన్‌లో ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసు వచ్చింది. అక్కడ రెండూ ఎదురెదురు. ఫెరారీ రేసు బండి 499పీ అప్పటికే 2023, 2024 గెలిచి ఉంది. పోర్షె రేసు బళ్ళు 963ల్లో ఆరో నంబరు బండిని బరువు తక్కువగా ఉందని, మొదలయ్యే వరస తేల్చే క్వాలిఫయింగ్ నుంచి తీసేయడంతో, తన తరగతిలో అన్నిటికన్నా వెనక నుంచి మొదలైంది. డ్రైవర్లు ఎస్ట్రే, వాంథోర్, క్యాంప్‌బెల్ దాన్ని ముందుకి తెచ్చిన తీరు చూడాలి. మాకు రేసు శనివారం పొద్దున 7కి మొదలు, ఆదివారం పొద్దున 7కి ముగింపు. మా ఇంట్లో అయిదారుగురం కూర్చున్నాం, నేను తప్ప అందరూ ఎర్ర టీషర్టుల్లోనే. చివరి గంటల్లో కుబిట్సా తోలుతున్న పసుపు రంగు 83వ నంబరు ఫెరారీ ముందు, ఆరో నంబరు పోర్షె వెనక. ఎస్ట్రే తగ్గిస్తున్న ఒక్కో సెకనుకీ నేను సోఫా అంచుకి జరుగుతూ వచ్చాను. 24 గంటల తర్వాత తేడా 14 సెకన్లు. ఫెరారీ గెలిచింది, వరసగా మూడోసారి. గదిలో అందరూ లేచి గంతులేశారు. నేను లేవలేదు. కాఫీ కూడా తాగకుండా వంటింట్లోకి వెళ్ళిపోతే, గ్రూపులో ఎప్పుడూ నాతో వాదించే ఫ్రీమాంట్ మిత్రుడు నా వెనకే వచ్చి భుజం మీద చెయ్యేసి, "సరే, నమ్మాను" అన్నాడు.